తింటూ... తిరుగుతూ... కర్నూలు నుంచి కడప దాకా!

నాగసాకి... ఈ పేరు వినగానే ఎవరికైనా గుర్తొచ్చేది ఒక్కటే. 1945 ఆగస్టు 9, అణుబాంబు. ఆ ఊళ్లో జనం పొద్దున్నే ఏం తింటారు, పండక్కి ఏం వండుకుంటారు, వాళ్ల యాస ఎలా ఉంటుంది... ఇవేవీ ఎవరికీ పట్టవు.

మరి కడప? కర్నూలు? పక్క జిల్లాల వాళ్లని అడిగి చూడండి. తెల్ల సుమోలు, తొడకొట్టడాలు, నాటుబాంబులు! 1999లో వచ్చిన 'సమరసింహారెడ్డి', 2002లో వచ్చిన 'ఆది', 'ఇంద్ర'... ఇలా వరసపెట్టి వచ్చిన సినిమాలు రాయలసీమను తెలుగువాళ్లందరికీ ఆ రకంగానే పరిచయం చేశాయి. ఫ్యాక్షన్ అసలే లేదని ఎవరూ అనరు. ఆ గొడవల్లో తండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లలు పెరిగిన పల్లెలవి. కానీ ఆ పల్లెల్లోనే పొద్దున్నే రాగిపిండి పొంగు వాసన కూడా వస్తుంది. దాని మీద సినిమా ఎవరు తీస్తారు చెప్పండి! చదువు కోసమో ఉద్యోగం కోసమో హైదరాబాదు వెళ్లిన సీమ కుర్రాడు 'మాది కడపండీ' అనగానే ఎదుటివాళ్లు ఒక అడుగు వెనక్కి వేసినట్టు చేసి నవ్వడం... అది సరదాకే అయినా, వందోసారి వినేవాడికి సరదాగా ఉండదు.

ఇలాంటి పేరును మోస్తూ బతకడం నాగసాకి వాళ్లకి బాగా తెలుసు. దానికి వాళ్లు కనిపెట్టిన మందుల్లో ఒకటి మహా చవక. నడక!

అక్కడా 'సరుకు'...

2006లో నాగసాకి నగరం ఒక ప్రదర్శన పెట్టింది. ఏప్రిల్ 1 నుంచి అక్టోబరు 29 దాకా, మొత్తం 212 రోజులు. ప్రదర్శన అంటే పెద్ద పెద్ద హాళ్లు, రంగు దీపాలు, స్టాళ్లు గుర్తొస్తాయి కదా. ఇక్కడ అవేవీ లేవు. ఊరే ప్రదర్శన, వీధులే స్టాళ్లు, ఊళ్లో జనమే గైడ్లు. దాని పేరు 'సరుకు'. మనకి కిరాణా కొట్టు గుర్తొస్తుందిగానీ, నాగసాకి యాసలో సరుకు అంటే ఊరికే అలా అలా తిరగడం అని అర్థం. టోక్యో వాళ్లకి కూడా తెలియని ఆ పల్లెమాటనే ఏరికోరి పేరుగా పెట్టుకున్నారు. మన యాస ఎవరైనా వింటే నవ్వుతారేమో అని నోరు నొక్కుకునేవాళ్లు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే చాలు.

ఆ నడకలు మూడు రకాలు. పటం చేతికిస్తే ఎవరికి వాళ్లు తిరిగేది ఒకటి. ఊళ్లో మామూలు మనుషులు చిన్న చిన్న గుంపుల్ని వెంటబెట్టుకుని తిప్పేది రెండోది. తెలిసినవాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకునేది, చేసి చూసేది మూడోది. 212 రోజుల పండగ అయిపోయినా నడకలు మాత్రం ఆగలేదు, ఊరికి అలవాటైపోయాయి.

ఇంతకీ ఆ నడకల్లో ఏం చూపిస్తారు? విదేశీయులతో వ్యాపారానికి జపాన్ తలుపులన్నీ మూసేసుకున్న రోజుల్లో, డచ్చివాళ్ల కోసం తెరిచి ఉంచిన ఒకే ఒక్క కిటికీ నాగసాకిలోని దెజిమా. 1636లో సముద్రంలో మట్టిపోసి కట్టిన చిన్న దీవి అది. పోర్చుగీసువాళ్లు వదిలివెళ్లిన 'కస్తెలా' కేకు, చైనా విద్యార్థుల ఆకలి తీర్చడానికి పుట్టిన 'చాంపాన్' నూడుల్స్, జపాన్-చైనా-ఐరోపా వంటలన్నీ ఒకే గుండ్రటి బల్ల మీద పెట్టే 'షిప్పొకు' భోజనం... ఒక్కో ముద్దకీ ఒక్కో కథ. అన్నట్టు, డచ్చి ఓడల్లో జపాన్‌కి వెళ్లిన సరుకుల్లో మన కోరమాండల్ తీరంలో తయారైన అద్దకం బట్టలు కూడా ఉన్నాయి. జపాన్‌వాళ్లు వాటిని 'సరస' అని పిలుచుకుని మురిసిపోయారు.

ఆరుగురే ఎందుకు?

జపాన్‌లో ఇప్పుడు ఒసాకా, క్యోటో, టోక్యో... ఏ పెద్ద ఊరికెళ్లినా ఆరుగురినో ఎనిమిదిమందినో వెంటేసుకుని సందుగొందులు తిప్పి, నాలుగైదు చోట్ల నాలుగైదు రుచులు తినిపించే స్థానికులు కనిపిస్తారు. 2018 జనవరి దాకా అక్కడ డబ్బు తీసుకుని విదేశీ భాషలో గైడ్‌గా పనిచేయాలంటే ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి. 1949 నాటి ఆ చట్టాన్ని సడలించాక లైసెన్సు లేనివాళ్లకీ దారి తెరుచుకుంది.

గుంపు చిన్నగా ఉండటంలో మర్యాద ఒక్కటే కాదు, లెక్క కూడా ఉంది. అక్కడి పాతకాలపు తిండికొట్లలో చాలావాటికి ఎనిమిది, పది కుర్చీలే ఉంటాయి. 40 మందితో బస్సు వచ్చి ఆగితే కొట్టువాడు ఏం చేస్తాడు? ఎప్పుడూ వచ్చే ముసలాయనకి చోటుండదు. పెద్ద బస్సు పెద్ద హోటల్ ముందే ఆగుతుంది. ఆరుగురైతే మాత్రం సందులోకి వెళ్లగలరు. మన దగ్గరా అంతే. రొట్టెలు చేసే ఆవిడ పెనం ఒక్కటే, చేతులు రెండే. ఆరుగురు కూర్చుంటే ఆవిడ మాట్లాడుతూ రొట్టెలు చేస్తుంది. అరవైమంది మీద పడితే పొయ్యి ఆర్పి ఇంటికెళ్లిపోతుంది.

మన తెలుగునేల మీద ఇలాంటి నడకలు బొత్తిగా లేవని కాదు. హైదరాబాదులో చార్మినార్ నుంచి చౌమహల్లా ప్యాలెస్ వైపు నడిపిస్తూ పాతబస్తీ కథలు చెప్పేవాళ్లు ఎప్పటి నుంచో ఉన్నారు. సీమకొచ్చేసరికే అంతా బస్సు యాత్ర. మహానంది, యాగంటి, అహోబిలం, ఒంటిమిట్ట... దర్శనం, ప్రసాదం, మళ్లీ బస్సు. గుడి చూస్తారు, ఊరు చూడరు. కర్నూలు చాలామందికి హైదరాబాదు-బెంగళూరు రోడ్డు మీద టీ తాగే చోటు. కడప తిరుపతికి వెళ్లేటప్పుడు నిద్రలో దాటిపోయే స్టేషన్.

అందుకే ఈ వారం ఓ ఆరుగురు కలిసి ఈ రెండు ఊళ్లనీ నడిచి చూస్తే ఎలా ఉంటుందో చూద్దాం.

కందెనవోలులో పొద్దున్నే...

కర్నూలులో నడక తెల్లవారాక ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. తొమ్మిది దాటితే ఎండ నెత్తికెక్కుతుంది, ఉగ్గాని అయిపోతుంది. రెండూ ప్రమాదమే!

మొదలు కొండారెడ్డి బురుజు దగ్గరే. విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో కట్టిన కోటలో మిగిలిన ముక్క ఇది. 2003లో 'ఒక్కడు' సినిమా వచ్చాక ఈ బురుజు తెలియని తెలుగువాడు లేడు. ఇక్కడికొచ్చిన కుర్రకారులో సగంమంది ఇప్పటికీ ఆ సీను జరిగింది ఎక్కడా అనే వెతుకుతారు. వెతకనీయండి, తప్పులేదు. కానీ పక్కన ఊరివాడు ఒకడుంటే 'కర్నూలు అన్న పేరు ఎట్లొచ్చిందో తెలుసా' అని మొదలుపెడతాడు. ఆలంపురం గుడికి రాళ్లు మోసుకెళ్లే బళ్లు తుంగభద్ర దాటేముందు ఇక్కడే ఆగి ఇరుసులకి కందెన రాసుకునేవట. అందుకే కందెనవోలు, అదే కాలక్రమంలో కర్నూలు అయిందని ఊళ్లో చెప్పుకునే మాట.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు రాజధాని కర్నూలే. టంగుటూరి ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి. భవనాలు చాలక డేరాల్లో కచేరీలు నడిచాయి. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకి తరలిపోయింది. మూడేళ్ల ముచ్చట! ఆ మూడేళ్ల గురించి ఈ ఊళ్లో ఎవరిని కదిపినా ఓ గంట మాట్లాడతారు. రాజధాని పోయిన బాధ ఇక్కడ మూడు తరాలుగా వేడిగానే ఉంది. అలాంటి సంగతి బోర్డు మీద రాసి పెడితే ఎవరు చదువుతారు? టీకొట్టు దగ్గర నిలబడి వింటే తెలుస్తుంది.

నడక హంద్రీ వైపు తిరిగితే అబ్దుల్ వహాబ్ సమాధి కనిపిస్తుంది. బీజాపూర్ సుల్తానుల కాలం నాటి గుమ్మటాలవి. ఆ నది పక్కన నిలబడ్డప్పుడు 2009 అక్టోబరు 2 గురించి అడగాలి. తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీదికొచ్చిన రోజు. ఎన్ని అడుగుల నీళ్లొచ్చాయో, ఏ మేడ మీద ఎన్ని కుటుంబాలు గడిపాయో చెప్పేవాళ్లు ఇంటికొకరు ఉంటారు. కరవుసీమ అని పేరుపడ్డ ఊళ్లో వరద కథ!

ఇక ఉగ్గాని. కోస్తావాళ్లకి మరమరాలు, ఇక్కడివాళ్లకి బొరుగులు. వాటిని నీళ్లలో ఇలా వేసి అలా పిండేయాలి. ఓ క్షణం ఆలస్యమైతే ముద్ద. ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు, కరివేపాకు పోపులో వేసి, పసుపు చల్లి, బొరుగులు కలిపి, చివర్లో పప్పుల పొడి జల్లితే ఉగ్గాని. పక్కన మిరపకాయ బజ్జీ లేకపోతే దాన్ని ఉగ్గాని అని ఎవరూ ఒప్పుకోరు. ఎర్రగడ్డలంటే ఏంటి అని అడిగేవాళ్ల కోసం... ఉల్లిపాయలు. తెల్లగడ్డలంటే వెల్లుల్లి. ఉర్లగడ్డలంటే బంగాళాదుంపలు. వేరుశెనక్కాయల్ని కర్నూలు వైపు బుడ్డలంటే, కడప వైపు శెనక్కాయలంటారు. రెండు ఊళ్ల మధ్య ఒక్క గింజ పేరు మారిపోతుంది చూశారా! నాగసాకివాళ్లు 'సరుకు' అన్న ఒక్క మాటతో 212 రోజుల పండగ చేశారు. మన దగ్గర గడ్డల పేర్లతోనే ఓ పూట గడిచిపోతుంది.

పెనం మీద పేరంటం

కర్నూలులో సాయంత్రం నడకకి గమ్యం జొన్నరొట్టె. పొద్దుగూకేసరికి రోడ్డు పక్కన పొయ్యి వెలిగించుకుని రొట్టెలు తట్టే ఆడవాళ్లు కనిపిస్తారు. చూడటానికి తేలిగ్గా ఉంటుందిగానీ, జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. చన్నీళ్లతో కలిపితే అంచులు పగిలిపోతాయి. అందుకే మరిగే నీళ్లు పోసి, చేయి కాలుతున్నా పిసకాలి. కర్రతో పని లేదు. అరచేత్తో తట్టి తట్టి పలచన చేయాలి. పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో అద్దాలి, తిరగేయాలి, పొంగించాలి. ఈ తట్టే చప్పుడు వీధి చివరిదాకా వినిపిస్తుంది. పక్కన గుత్తివంకాయ కూరో, బుడ్డల కారమో ఉంటే ఇంకేం కావాలి!

ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే నేల ఇది. నాగసాకిలో దాదాపు 1900 మిల్లీమీటర్లు. ఈ నేలకి ఏది పండితే అదే కంచంలోకి వచ్చింది. జొన్న, సజ్జ, కొర్ర, రాగి, వేరుశెనగ. వరి అన్నం పండగనాటి వంట. కాలువలొచ్చి, బియ్యం చవకై, అందరూ అన్నం తినడం మొదలుపెట్టాక జొన్నరొట్టె, సంగటి పేదవాళ్ల తిండి అన్న ముద్ర పడింది. చుట్టాలొస్తే సంగటి గిన్నె దాచిపెట్టిన ఇళ్లున్నాయి. ఇప్పుడేమో చక్కెర జబ్బు వచ్చి డాక్టరు చెబితే అదే రొట్టె కోసం కారేసుకుని వస్తున్నారు! ఆ రొట్టె తట్టడం తెలిసిన ఆవిడ కూతురికి ఆ పని నేర్పిందో లేదో మాత్రం ఎవరూ అడగడం లేదు. అడిగితే చాలామంది తల్లులు చెప్పే జవాబు ఒక్కటే. 'మా పిల్లకెందుకు సారూ ఈ సెగ' అంటారు. ఆరుగురు వచ్చి కూర్చుని, రొట్టెకి ఇచ్చే ధరతోపాటు ఆ పని చూపించినందుకు, నేర్పినందుకు విడిగా డబ్బిస్తే? ఆ సెగకి ఇంకో విలువ వస్తుంది. ఆ పిల్ల అప్పుడైనా నేర్చుకుంటుందా అంటే, ఏమో! నేర్చుకోకపోయినా తప్పు పట్టలేం.

కర్నూలు వదిలే ముందు నన్నారి షర్బత్ తాగాలి. సుగంధిపాల వేర్లతో చేసే ఎర్రటి పానకం అది. ఆ వేర్లు పుట్టేది నల్లమలలో. వాటిని తవ్వి తెచ్చేవాళ్లలో చెంచులున్నారు. గ్లాసులో నిమ్మకాయ పిండి, సబ్జా గింజలు వేసి ఇస్తే ఎండ మర్చిపోతారు. మంచి గైడ్ అయితే ఆ వేరు ముక్కని ముందు చేతిలో పెట్టి వాసన చూడమంటాడు.

బనగానపల్లె మీదుగా...

కర్నూలు నుంచి కడపకి తిన్నగా వెళితే కొన్ని గంటలే. కానీ దారిలో ఆగాల్సినవి చాలా ఉన్నాయి. 2017లో భౌగోళిక గుర్తింపు దక్కించుకున్న మామిడికి పేరిచ్చిన బనగానపల్లె, దాని దగ్గర్లో యాగంటి, ఆపైన బెలుం గుహలు. 3229 మీటర్ల పొడవైన ఈ గుహల్లో ఒకటిన్నర కిలోమీటరు దాకా 2002 నుంచి జనాన్ని అనుమతిస్తున్నారు. 2022లో జిల్లాలు విడగొట్టాక ఇవన్నీ నంద్యాల జిల్లాలోకి వెళ్లాయి. గుహల గురించి ఇప్పటికే అందరూ రాశారు కాబట్టి ముందుకెళదాం. ఒక్క మాట... లోపల ఉక్క పోస్తుంది, నీళ్ల సీసా మర్చిపోవద్దు.

గండికోట దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పెన్నా నది పారే లోయ, దాని అంచున కోట. లోపల మాధవరాయ ఆలయం, రంగనాథ ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం... అన్నీ ఒకదాని పక్కన ఒకటి. 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే, మీర్ జుమ్లాని కలవడానికి ఇక్కడికే వచ్చాడు. ఇప్పుడు 'ఇండియా గ్రాండ్ కాన్యన్' అంటూ వచ్చేవాళ్లకి లెక్కలేదు. 2024 చివర్లో దీని అభివృద్ధికి కేంద్రం 77 కోట్ల రూపాయలకు పైగా మంజూరు చేసింది.

సంతోషమే. కానీ వచ్చినవాళ్లు ఏం చేస్తున్నారు? లోయ అంచున ఫొటో తీసుకుంటారు, వెంట తెచ్చుకున్న బిర్యానీ పొట్లం విప్పుతారు, ప్లేటు అక్కడే పడేస్తారు, వెళ్లిపోతారు. కోటలోనే కాపురం ఉంటున్న కుటుంబాలున్నాయి. వాళ్లలో ఒకరింటి అరుగు మీద కూర్చుని సంగటి తిని, కోట కథ వినే ఏర్పాటుంటే ఆ డబ్బు ఊళ్లోనే ఉంటుంది. చెత్త కూడా తగ్గుతుంది. తన ఇంటి ముందు ప్లేటు పడేస్తే ఆ ఇల్లాలు ఊరుకుంటుందా!

ఇంకో సంగతీ చెప్పుకోవాలి. అక్కడ నీళ్లు అందంగా కనిపించే గండికోట జలాశయం కింద ఊళ్లు మునిగాయి. 2020లో తాళ్లప్రొద్దుటూరు ఖాళీ అయింది. పొలాలకి నీళ్లు రావాలంటే ఎవరో ఒకరు ఇల్లు వదలాల్సి వచ్చింది. ఫొటోలో అది కనిపించదు. నాగసాకిలో కస్తెలా తినిపించే ఊరివాళ్లే బాంబు పడ్డ చోటుకీ తీసుకెళతారు. తీపి ఒక్కటే చూపించి పంపించరు. మన నడకలోనూ ఆ నిజాయతీ ఉంటేనే దానికి రుచి.

దేవుడి గడపలో...

కడపలో నడక దేవుని కడప నుంచి మొదలుపెడితే బాగుంటుంది. తిరుమలకి ఇది గడప కాబట్టే కడప అయిందని పెద్దలు చెప్పే మాట. అన్నమయ్య కీర్తించిన వేంకటేశ్వరుడు ఇక్కడ ఉన్నాడు. ఉగాది రోజున వస్తే ఇంకో దృశ్యం చూడొచ్చు. ముస్లిం కుటుంబాలు గుడికొచ్చి స్వామిని దర్శించుకుంటాయి. బీబీ నాంచారి తమ ఆడబిడ్డ, స్వామి తమ అల్లుడు అన్నది వాళ్ల నమ్మకం. కొత్త సంవత్సరం రోజున అల్లుడిని పలకరించకుండా ఎలా ఉంటారు!

అదే ఊళ్లో అమీన్ పీర్ దర్గా, అందరూ పెద్దదర్గా అంటారు. ఉరుసుకి మతంతో సంబంధం లేకుండా జనం వస్తారు. సంగీత దర్శకుడు ఏఆర్ రెహమాన్ ఇక్కడికి తరచూ వచ్చే భక్తుడు. బాంబుల ఊరని పేరుపడ్డ చోట గుడికీ దర్గాకీ మధ్య ఓ ఆటో ప్రయాణమే దూరం. ఆ ఆటో నడిపే అన్నని కదిలిస్తే చాలు, రెండిటి కథలూ చెబుతాడు.

మూడో మజిలీ ఎర్రముక్కపల్లెలోని సీపీ బ్రౌన్ గ్రంథాలయం. 1820లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా కడపకి వచ్చిన బ్రౌన్, తన జీతం డబ్బులతో పండితుల్ని పెట్టుకుని తాళపత్రాలు సేకరించి, శుద్ధ ప్రతులు రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చువేయించాడు. 1852లో వచ్చిన ఆయన తెలుగు-ఇంగ్లిషు నిఘంటువుని ఇప్పటికీ పండితులు తిరగేస్తారు. ఆయన బంగళా ఉన్న చోటనే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో ఈ గ్రంథాలయం లేచింది. అక్కడ పది నిమిషాలు నిలబడితే, తొడకొట్టే సినిమాలు చూసి ఈ ఊరి గురించి అనుకున్నవన్నీ కాస్త తడబడతాయి.

అన్నట్టు, ఆ సినిమాలని జిల్లాలకి అమ్మే లెక్కల్లో రాయలసీమ పేరు ఇప్పటికీ 'సీడెడ్'. 1800లో నిజాం ఈ జిల్లాల్ని ఇంగ్లిషువాళ్లకి ఇచ్చేశాడు కాబట్టి దత్తమండలం అన్నారు. ఆ పేరు చిన్నతనంగా ఉందని 1928లో నంద్యాల సభల్లో 'రాయలసీమ' అని మార్చుకున్నారు. సినిమావాళ్లకి ఆ కబురు ఇంకా అందినట్టు లేదు!

కారం దోసె, సంగటి ముద్ద

ఇంత తిరిగాక ఆకలి వేయకపోతే ఆశ్చర్యమే. కడప పొద్దుటి పూట కారం దోసెది. ఎండుమిరపకాయలు, ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు వేసి నూరిన ఎర్రకారం దోసె అంతా పూసి, పప్పుల పొడి చల్లి, పైన నెయ్యి వేస్తారు. మొదటిసారి తినేవాళ్లు 'కొంచెం కారం తగ్గించి' అంటారు. 'ఏం కావల్లన్నా, కారం దోసెలో కారం వద్దా?' అని కొట్టు ఆయన నవ్వుతాడు. నవ్వుతూనే ఇంకో గరిటె నెయ్యి వేస్తాడు.

మధ్యాహ్నం రాగిసంగటి. అన్నం ఉడుకుతుండగా మీద రాగిపిండి పోసి, కదపకుండా మూతపెట్టి, ఆవిరి పట్టాక కర్రతో కెలకాలి. భుజం నొప్పి పుట్టేదాకా! ముద్ద చేసి, మధ్యలో గుంట పెట్టి నెయ్యి పోసి, నాటుకోడి పులుసుతోనో, చింతాకు పప్పుతోనో, శెనక్కాయల ఊరుబిండితోనో తినాలి. నమలకూడదు. పులుసులో ముంచి మింగాలి. కొత్తవాళ్లు నమిలి 'రుచేం లేదే' అనడం, ఊరివాళ్లు పళ్లికిలించడం మామూలే. 100 గ్రాముల రాగుల్లో 344 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బడిపిల్లలకి పాలపొడి డబ్బాలు కొనే తల్లులు ఈ లెక్క ఓసారి చూసుకోవాలి.

హైవే మీద బోర్డులు పెట్టిన హోటళ్లలోనూ సంగటి దొరుకుతుంది. చాలాచోట్ల అది పొద్దున చేసి వేడినీళ్ల గిన్నెలో దాచినది. సంగటి అంటే ఇదేనా అని అక్కడ తిని తేల్చేసేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

తిరుగు ప్రయాణంలో రాయచోటి దారి పడితే ఘాట్‌లో గువ్వలచెరువు వస్తుంది. పాలకోవా కోసం లారీవాళ్లు కూడా ఆగే ఊరు. పాలు ఎక్కడ మరుగుతున్నాయో చూసి, వేడిగా ఉన్నది అడిగి తీసుకోండి.

ఎవరు తిప్పాలి?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. కోటకి రంగులు వేయించడానికి, రిసార్టు కట్టడానికి డబ్బు వస్తుంది. మనిషిని తయారుచేయడానికి రాదు. నాగసాకి ఖర్చుపెట్టింది మనుషుల మీద. రిటైరైన పంతులు, డిగ్రీ చదివి ఊళ్లోనే ఉన్న అమ్మాయి, ఉర్దూ తెలుగు రెండూ వచ్చిన కుర్రాడు... ఇలాంటివాళ్లు కర్నూలులో, కడపలో వీధికి ఒకరుంటారు. వాళ్లకి కాస్త శిక్షణ, ఓ గుర్తింపు కార్డు, ఆడవాళ్లు ధైర్యంగా రాగలిగే ఏర్పాటు, దారిలో శుభ్రమైన మరుగుదొడ్లు. కావాల్సింది ఇంతే. ఇందులో చివరిదే అన్నిటికన్నా కష్టం అన్నది సీమలో కుటుంబంతో తిరిగిన ఎవరికైనా తెలుసు.

జాగ్రత్తలూ ఉన్నాయి. క్యోటోలో గియోన్ వీధి జనం కెమెరాల బాధ పడలేక 2024లో తమ సొంత సందుల్లోకి పర్యాటకులు రాకుండా నిషేధం పెట్టుకున్నారు. అడుగుపెడితే 10,000 యెన్ల జరిమానా. రొట్టెలు చేసే ఆవిడ మొహం మీద ఫోను పెట్టి వీడియో తీసేవాళ్లు మన దగ్గరా తక్కువేం కాదు. దర్గాలో తలకి గుడ్డ, గుడిలో చెప్పులు, ఇంటి ముందు అనుమతి... ఇవి గైడ్ ముందే చెప్పాలి. చెప్పినా విననివాళ్లని మర్యాదగా వెనక్కి పంపే అధికారం కూడా అతనికుండాలి.

ప్రభుత్వం చేసేదాకా ఆగక్కర్లేదు. ఈ రెండు ఊళ్లలో చుట్టాలో స్నేహితులో లేని తెలుగు కుటుంబాలు తక్కువే. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు, ఎండ ముదరకముందే, ఆరుగురు మించకుండా వెళ్లండి. అక్కడి పెద్దాయన ఒకర్ని 'మామా, మీ ఊరు చూపించు' అని అడగండి. వద్దంటున్నా ఆటో ఖర్చు, భోజనం ఖర్చు మీరే పెట్టుకోండి. బయల్దేరే ముందు సంగటి ఎన్ని గంటలకి దించుతారో మాత్రం ఫోను చేసి కనుక్కోండి. మీరు ఆలస్యమైతే అది ఆగదు.